మనూరి మాదిరే ఉంటుంది, అదే తంటా

నెల్లూరులో బయల్దేరి, తడ దాటి, చెన్నై ట్రాఫిక్కులో ఈదుకుంటూ మీనంబాక్కం విమానాశ్రయం చేరేసరికి కారులో నాలుగు గంటలు. ఒంగోలు వాళ్ళకి దాని మీద ఇంకో రెండు. అక్కడి నుంచి కొలంబోకి విమానం గాల్లో ఉండేది గంటన్నర. ఇంటి నుంచి విమానం దాకా పోవడమే పెద్ద ప్రయాణం, విదేశం పక్క వీధిలో ఉన్నట్టే.

దిగాక గడియారం తిప్పే పనుండదు, మన టైమే వాళ్ళ టైము. బండ్లు ఎడమ పక్కనే పోతాయి. ఆటోలు బజాజ్‌వి, బస్సుల్లో చాలా వాటి ముందు అశోక్ లేలాండ్ పేరే కనబడుతుంది. అన్నం, పప్పు, టెంకాయ, చేపలు, లుంగీలు. ఏ థాయిలాండో పోతే ప్రతిదీ కొత్తగా ఉంటుంది కాబట్టి మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని అడిగి తెలుసుకుంటాడు. శ్రీలంకలో అట్టా కాదు. "ఇదంతా మనకు తెలిసిందే గదా" అని ధీమాగా నడుస్తాడు, నాలుగో అడుగులో బోల్తా పడతాడు. కింద చెప్పేవన్నీ ఆ బోల్తాలే.

ముందు వీసా సంగతి. ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి బయల్దేరక ముందే తీసుకోవాలి. ఫీజులు, మినహాయింపులు తరచూ మారుతుంటాయి కాబట్టి పక్కింటాయన పోయినేడాది చెప్పిన లెక్క పనికిరాదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు. చూడ్డానికి ప్రభుత్వానివిలాగే ఉంటాయి, పైన తమ చార్జీ వేసుకుంటాయి. శ్రీలంక ఇమ్మిగ్రేషన్ శాఖ సొంత సైటులోకే పోయి నింపండి. పాస్‌పోర్టులో కనీసం ఆర్నెల్ల గడువు, తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి.

ఇక మనవాళ్ళ అసలు లగేజీ, ఊరగాయ. పచ్చళ్ళు, కారప్పొడి క్యాబిన్ బ్యాగులో పెడితే చెన్నై సెక్యూరిటీలోనే తీయించేస్తారు. చెకిన్ పెట్టెలోనే వేయాలి. పైన గాలి ఒత్తిడి తగ్గేసరికి డబ్బాలోని గాలి వ్యాకోచించి, పైన తేలే నూనెను మూత సందుల్లోంచి బయటికి నెడుతుంది. పట్టుచీరకి ఆవకాయ నూనె మరక అట్టాగే పడుతుంది. అందుకని తేలే నూనె ముందే వంచేసి ముద్దలాంటి పచ్చడే సర్దాలి. డబ్బా నోటి మీద ప్లాస్టిక్ కవరు పరిచి మూత బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, పాత తువాలులో చుట్టి, పెట్టె మధ్యలో నిలబెట్టాలి. ఎండుకొబ్బరి మాత్రం చెకిన్‌లో కూడా ఒప్పుకోరు. అందులో నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకు కింద లెక్క. కొబ్బరి కారం తప్పనిసరి అనుకునేవాళ్ళు అక్కడ చింతించాల్సిన పని లేదు. ఆ దేశంలో టెంకాయ లేని కూర వెతకడమే కష్టం.

కొలంబో విమానాశ్రయం కొలంబోలో లేదు. ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో కటునాయకలో ఉంది, పక్కనే నిగొంబో. సిగిరియాకో క్యాండీకో పోయేవాళ్ళు ముందు కొలంబోలోకి దిగి, మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి పోవడం శుద్ధ దండగ. రాత్రి దిగితే నిగొంబోలో పడుకుని పొద్దున్నే బయల్దేరితే సగం పూట మిగులుతుంది. కొలంబోకే పోవాలంటే 187 నంబరు బస్సు ఉంది.

బయటికి రాకముందు డ్యూటీ ఫ్రీ దుకాణాల్లో ఒక వింత. సెంట్లు, చాక్లెట్లతో పాటు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు వరసగా పెట్టి అమ్ముతుంటారు. గల్ఫులో పనిచేసి ఇంటికొచ్చే లంక వాళ్ళ కోసం అవి. మన కువైట్ చుట్టాలు విమానంలో టీవీ పెట్టెలు మోసుకొచ్చిన రోజులు గుర్తున్న వాళ్ళకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది.

సిమ్ కార్డు, డబ్బు మార్పిడి అక్కడే చేసుకోవచ్చు. మన రూపాయికి వాళ్ళ రూపాయలు ఈమధ్య అటూ ఇటుగా మూడున్నర వస్తున్నాయి. రెండింటి పేరూ రూపాయే కావడంతో మొదటి రోజంతా గుండె గుభేల్‌మంటుంది. టీ వందా అని కేక పెట్టి, తర్వాత వేళ్ళు మడిచి లెక్కేసుకుని తేరుకోవడం మామూలే. నాలుగుతో భాగించుకోకండి, చవగ్గా ఉన్నట్టు కనబడి పర్సు ఖాళీ అవుతుంది. మూడుతో భాగిస్తే కాస్త ఎక్కువే వచ్చి చెయ్యి అదుపులో ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ పనిచేస్తోంది గానీ పెద్ద దుకాణాల్లో తప్ప నమ్ముకోవద్దు. బొండాం అమ్మే ఆయనకి నోట్లే కావాలి.

రోడ్డు మీదికొస్తే మొదటి పరీక్ష జీబ్రా గీతలు. వాటి మీద కాలు పెడితే అక్కడి బండ్లు ఆగుతాయి. నెల్లూరు ట్రంకు రోడ్డు దాటిన కాళ్ళు దీన్ని నమ్మవు. కారు ఆగుతుంది, మనం వెనక్కి గెంతుతాం, "నువ్వు పో" అని చెయ్యూపుతాం, అతను పోడు, వెనకాల నాలుగు బండ్లు నిలబడిపోతాయి. ఆగిన బండిని గౌరవించి గబగబా దాటేయండి. అట్టాగని గీతలు లేనిచోట మన ఊర్లో మాదిరి చెయ్యి అడ్డం పెట్టి దూరితే ఎవరూ ఆగరు. గీతల దగ్గర ఆగే అలవాటుంది కాబట్టి మిగతా చోట్ల వేగంగా వస్తారు. ప్రైవేటు బస్సుల్ని మాత్రం గీతల మీద కూడా నమ్మొద్దు, ఈ ఒక్క విషయంలో రెండు దేశాలూ ఒకటే.

బస్సెక్కితే ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయని పరిగెత్తి కూర్చోవద్దు. డ్రైవరు వెనక వరసలో మొదటివి భిక్షువులకు కేటాయించినవి. కాషాయ వస్త్రం ఎక్కగానే లేవాలి. ఎవరూ అరవరు, అందరూ చూస్తారు, అదే ఎక్కువ ఇబ్బంది.

బోర్డులు చూస్తే తెలుగే అనిపిస్తుంది. దూరం నుంచి సింహళ అక్షరం మన అక్షరానికి చిన్నాన్న కొడుకులా గుండ్రంగా, సున్నాలు చుట్టుకుని ఉంటుంది. రెండూ బ్రాహ్మి లిపి సంతానమే. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి రెండు చోట్లా రాత గుండ్రమైందని చెబుతారు. దగ్గరికి పోయి చదవబోతే ఒక్క ముక్క అందదు. బస్సు బోర్డు చదివేశామన్న భ్రమలో ఎక్కకుండా, నంబరు చూసుకుని ఎక్కండి.

మాటల్లో ఇంకా పెద్ద మెలికలున్నాయి. అమ్మ అంటే అమ్మే, అక్క అంటే అక్కే. ఆ ధైర్యంతో ఓ ముసలాయన్ని "తాతా" అని పిలిచారనుకోండి, సింహళంలో తాత్తా అంటే నాన్న. అయ్యా అంటే అన్న. తమ్ముణ్ణి మల్లి అంటారు, చెల్లెల్ని నంగి అంటారు. హోటల్లో మీసాలొచ్చిన కుర్రాణ్ణి ఎవరో "మల్లీ!" అని కేకేస్తే, ఏ అమ్మాయి వస్తుందా అని వంటింటి వైపు చూడకండి. మీకంటే చిన్నవాడైతే మీరూ మల్లి అనొచ్చు, పెద్దవాడైతే అయ్యా. మర్యాద కుదురుతుంది, కూర కూడా రెండో గరిట పడుతుంది. పొడి అంటే చిన్నది అని అర్థం, కాబట్టి ఇడ్లీలోకి పొడి కావాలని అడిగితే చిన్న ఇడ్లీ కోసం వెతుకుతారు. దణ్ణానికి ఆయుబోవన్, అందులో మన ఆయువే ఉంది. కృతజ్ఞతకి ఇస్తూతి, అది స్తుతి. అన్నం బత్, పాలు కిరి, నీళ్ళు వతుర, పప్పు పరిప్పు. వారం తిరిగేలోపు ఇరవై మాటలు వాటంతటవే నాలుకెక్కుతాయి.

తిండి దగ్గర కాస్త నిలబడాలి, బోల్తాల్లో సగం ఇక్కడే.

హోటల్ అని బోర్డున్న చోట గదులుండకపోవచ్చు. మన హోటల్ మాదిరే, తినే చోటు. తెల్లవాళ్ళు పెట్టెలు మోసుకుని లోపలికొచ్చి తెల్లమొహం వేస్తారు, మనకా కష్టం లేదు. మనకొచ్చే కష్టం వేరు. టీ అడిగి కూర్చోగానే పళ్ళెం నిండా రోల్స్, ప్యాటీలు, వడలు, బన్నులు తెచ్చి ముందు పెడతారు. వీటిని షార్ట్ ఈట్స్ అంటారు. అడక్కుండా పెట్టారంటే టీతో పాటు ఊరికే అనుకుని నలుగురూ నాలుగేసి లాగించేస్తారు. తిన్నవాటికి లెక్కగట్టి బిల్లేస్తారు, మిగిలినవి ఇంకో బల్ల మీదికి పోతాయి. ఆకలి లేకపోతే ముట్టుకోకుండా పక్కకు జరపండి. జనం ఎక్కువగా తిరిగే చోటైతే సరుకు తాజాగా ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి ఖాళీ హోటల్లో వచ్చిన పళ్ళెం ఎన్ని బల్లలు తిరిగిందో దానికే ఎరుక.

శాకాహారులకు ఆ పళ్ళెమే పెద్ద గండం. మాలు అంటే చేప, మాలు పాన్ అంటే చేప కూరిన బన్ను, మూడు కోణాలుగా ఉంటుంది. ఎలవలు అంటే కూరగాయలు, ఎలవలు రోటీ కూడా మూడు కోణాలుగానే మడుస్తారు. కళ్ళతో తేల్చుకోలేరు, పేరు అడగాల్సిందే. ఇంతకంటే దొంగది ఉంబలకడ. ఉడికించి, పొగబెట్టి, కట్టెలా ఎండబెట్టిన మాల్దీవుల చేప. దాన్ని దంచి, చింతపండు వాడినంత మామూలుగా కూరల్లో వేస్తారు. పోల్ సంబోల్ అని పచ్చి టెంకాయ తురుము, ఎండుమిరపకాయలు, ఎర్రుల్లి, నిమ్మరసం కలిపి నూరిన పచ్చడి వస్తుంది. చూడగానే మన కొబ్బరి పచ్చడి చెల్లెల్లా ఉంటుంది. అందులో ఈ ఉంబలకడ ఉండే అవకాశం ఎక్కువ. మొదటి ముద్దకి ముందే మూడు మాటలు చెప్పేయండి: మాస్ ఎపా, మాలు ఎపా, ఉంబలకడ ఎపా. ఎపా అంటే వద్దు, మాస్ అంటే మాంసం. "నేను వెజిటేరియన్" అని ఇంగ్లీషులో చెబితే కోడి తీసేస్తారు, ఉంబలకడ వాళ్ళ లెక్కలో మాంసం కాదు. ఇంకా బెంగగా ఉంటే తమిళుల సైవ హోటళ్ళు, అంటే శుద్ధ శాకాహారానివి, వెతుక్కోవడం మేలు. కొలంబోలో వెల్లవత్త వైపు, కొండల్లో నువర ఎలియలో దొరుకుతాయి.

మాంసాహారులకు గండాలు లేవు గానీ నిరాశలున్నాయి. చేప అనగానే మామిడికాయ ముక్కలు వేసిన పులుసు ఊహించుకుని అంబుల్ తియల్ చెప్పించారనుకోండి, నల్లగా, పొడిపొడిగా, చుక్క పులుసు లేని ముక్కలొస్తాయి. పులుపు చింతపండుది కాదు, గొరక అనే ఎండబెట్టిన కాయ తొక్కది. దాన్ని మిరియాలతో నూరి ముక్కలకు పట్టించి నీళ్ళు ఇగిరేదాకా ఉడికిస్తారు, అందుకే ఫ్రిజ్ లేకుండా రెండు మూడు రోజులు నిలవుంటుంది. పులుసనుకుంటే ఏడుపొస్తుంది, వేపుడనుకుని పప్పన్నంలోకి నంజుకుంటే బ్రహ్మాండం.

రొయ్యల విషయంలో మాత్రం నెల్లూరు మనిషి తలొంచాల్సిందే. కొలంబోలో గాల్ ఫేస్ అనే సముద్రపు ఒడ్డు మైదానం ఉంది, సాయంత్రం బండ్లు వరస కడతాయి. ఇస్సో వడె అని అరచేతంత పలచని పప్పు వడ. నూనెలో వదిలేముందు దాని మీద మూడు నాలుగు రొయ్యల్ని తల, మీసం, పెంకుతో సహా అదిమేస్తారు. వేగాక రొయ్య వంకర తిరిగి వడకి అతుక్కుపోయి ఉంటుంది. పైన ఉల్లిపాయ తరుగు, కారం సాసు వేసి కాగితంలో ఇస్తారు. తలకాయ తీయకుండా వేయించారేమిటని ముక్కు విరవకండి, కరకరలాడేది ఆ తలే. ఒకటే షరతు, అద్దాల పెట్టెలో పేర్చినవి వద్దని, కళ్ళముందు వేయించినవే అడగాలి. చల్లారితే పెంకు మెత్తబడి దవడకి వ్యాయామం.

పెరుగన్నం లేకపోతే భోజనం ముగియదనుకునే వాళ్ళకి ఒక జాగ్రత్త. యోగర్ట్ అని కప్పుల్లో అమ్మేది తియ్యగా ఉంటుంది, అన్నంలో కలిపితే పాయసం. కర్డ్ అని మట్టి కుండల్లో అమ్మేది కొనాలి, చెంచా గుచ్చితే నిలబడే గేదె పెరుగు. వాళ్ళు దాని మీద కితుల్ అనే జీలుగు జాతి చెట్టు పాకం పోసుకుంటారు, తాటిబెల్లం రుచి తెలిసిన నాలుకలకి అది కొత్తేమీ కాదు.

పొద్దున ఆరింటికి వీధిలో పియానో బాణీ ఒకటి సన్నగా మోగుతూ తిరుగుతుంది. ఐసుబండి కాదు, చెత్త బండి అంతకన్నా కాదు. చూన్ పాన్ అంటారు, ఆటో వెనకాల అద్దాల అలమర కట్టి రొట్టెలు, బన్నులు అమ్ముకునే బండి. చిల్లర పట్టుకుని గేటు దగ్గరికి ముందే పోవాలి, ఎక్కువసేపు ఆగదు.

క్యాండీలో దంత ధాతువు గుడికి పెద్దవాళ్ళు బుద్ధుడి పన్ను చూస్తామని బయల్దేరతారు. పన్ను కనబడదు. రోజూ పూజవేళల్లో గది తలుపు తీసినప్పుడు కనబడేది దాన్ని దాచిన బంగారు పేటిక. కాబట్టి పూజ వేళకి అరగంట ముందే వరసలో ఉండాలి, మిగతా సమయంలో మూసిన తలుపే. మోకాళ్ళు, భుజాలు కప్పుకోవాలి, చెప్పులు బయట వదలాలి, ఇదంతా మనకి అలవాటే. అలవాటు లేనిది ఫొటోల దగ్గర. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అక్కడ అపచారం. విగ్రహం పక్కన నిలబడి ఆయన వైపు తిరిగి తీయించుకోవాలి. బుద్ధుడి బొమ్మ వేసిన చొక్కాలు పెట్టెలోంచి ముందే తీసేయండి. ఆ దంతం కళింగ దేశపు దంతపురి నుంచి, ఓ రాకుమారి కొప్పులో దాగి, 4వ శతాబ్దంలో లంక చేరిందని వాళ్ళ గాథ. ఆ దంతపురి మన శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోటేనని అనేవాళ్ళు ఉన్నారు.

తెలుగు వాసన అంతటితో పోదు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది మధురై వైపు నుంచి పోయిన నాయక వంశం వాళ్ళు, మూలాన తెలుగువాళ్ళు. గుడి ముందున్న చెరువు తవ్వించింది వాళ్ళలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. బ్రిటిష్ వాళ్ళు గద్దె దించి వేలూరు కోటకి పంపితే 1832లో అక్కడే పోయాడు. ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్ళు ఆ దీవిలో ఉన్నారు. పాములాడించి, కోతులాడించి, చెయ్యి చూసి జోస్యం చెప్పే అహికుంటక జనం. అనురాధపురం దిక్కున కుడాగమ వాళ్ళ ఊళ్ళలో ఒకటి. రోడ్డు పక్కన పాముబుట్ట దగ్గర కూర్చున్న మనిషితో ఇంగ్లీషులో తంటాలు పడేముందు ఒక్కసారి తెలుగులో పలకరించి చూడండి. ఫొటో తీస్తే డబ్బులివ్వండి, అది అతని బతుకుదెరువు.

సిగిరియా బండ ఎక్కడానికి సుమారు 1,200 మెట్లు. ఉదయగిరి కొండెక్కిన కాళ్ళకి లెక్కలోది కాదు గానీ, చివరి భాగం బండకి కొట్టిన ఇనప మెట్లు, పట్టుకునే కమ్మీ తప్ప పక్కన ఏమీ ఉండదు. కళ్ళు తిరిగేవాళ్ళు ఆ మెట్లకి ముందొచ్చే పెద్ద సింహపు పాదాల బొమ్మ దగ్గరే కూర్చోవచ్చు. పొద్దున తెరవగానే ఎక్కాలి, తొమ్మిది దాటితే బండ కాలుతుంది, జనం పెరిగి వరస కదలదు. కందిరీగలున్నాయి, అరవొద్దు అని బోర్డులుంటాయి, తమాషాకి పెట్టినవి కావు. చిత్రాల గుహలో ఫొటోలు నిషేధం. మనం కూడా ఉన్న సార్క్ దేశాల వాళ్ళకి టికెట్టులో తగ్గింపు ఉంటుంది, అసలు పాస్‌పోర్టు చూపాలి. గదిలో వదిలేసి వచ్చి ఫోనులో జిరాక్సు చూపిస్తే పూర్తి ధర కట్టమంటారు.

క్యాండీ మీదుగా ఎల్ల అనే కొండ ఊరికి పోయే కొండల రైలు కోసమే చాలామంది పోతారు. రిజర్వేషన్ నెల ముందు తెరుచుకుని చూస్తుండగానే అయిపోతుంది. దొరక్కపోతే ఏజెంటుకి మూడింతలు పోయక్కర్లేదు. రెండో, మూడో తరగతి అన్‌రిజర్వుడు టికెట్టు ఆ రోజు స్టేషన్లోనే ఇస్తారు. క్యాండీకి వచ్చేసరికే రైలు కిక్కిరిసి ఉంటుంది కాబట్టి నువర ఎలియలో ఒక రాత్రి ఉండి, అక్కడి నుంచి ఎల్ల దాకా మాత్రం ఎక్కండి. మూడు గంటల్లోపు ప్రయాణం, అందమంతా ఆ ముక్కలోనే ఉంది. నువర ఎలియ ఊళ్ళో స్టేషను లేదు, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో నాను ఓయలో ఎక్కాలి. దారిలో వచ్చే పట్టిపొల, దాదాపు 1,890 మీటర్ల ఎత్తున, దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను. అక్కడ చలి కొడుతుంది, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు వణుకుతారు. అసలు తలుపు దగ్గర వేలాడొద్దు. సొరంగం గోడకీ పెట్టెకీ మధ్య జాగా జానెడే. వానాకాలంలో కొండచరియలు పడి లైను మూసేయడం ఉంటుంది, కాబట్టి రైలు నడుస్తోందా లేదా ముందురోజే కనుక్కోండి.

దూరాల విషయంలో గూగుల్‌ని, మన హైవే అలవాటుని రెండింటినీ పక్కన పెట్టాలి. క్యాండీ నుంచి నువర ఎలియ 80 కిలోమీటర్ల లోపే. నెల్లూరు కావలి లెక్కలో గంటంబావు అనుకుంటే, మూడు గంటలు మలుపులు తిరుగుతుంది. పిల్లలకి బయల్దేరే ముందు కడుపు నిండా కొత్తు రోటీ, అదే ముక్కలు చేసి కూరతో కలిపి వేయించే రొట్టె, పెట్టకండి.

ఎప్పుడు పోవాలంటే, రోహిణి కార్తెకి ముందు, మే మొదట్లో కొండలు చల్లగా ఉంటాయి. నెలాఖరుకి నైరుతి రుతుపవనం దిగి కొలంబో, కొండలు తడుస్తాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ళ ఉగాది, కొట్లు మూసేస్తారు, నువర ఎలియలో గదులు దొరకవు. ప్రతి పౌర్ణమీ సెలవే, మందు అమ్మరు. మన పంచాంగం ఒకటి చూసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి. బుద్ధ పూర్ణిమ నాడు ఉంటే అదృష్టం. రోడ్ల వెంట దన్సల్ పెట్టి, దానశాల అన్నమాట, పోయే బండ్లని ఆపి మరీ అన్నం, షర్బత్ పెడతారు. ఎండాకాలంలో మన చలివేంద్రం ఎట్టాగో అట్టా, కాకపోతే భోజనంతో. డబ్బులు తీయబోతే నొచ్చుకుంటారు.

తిరుగు ప్రయాణంలో అందరూ కొనేది టీ పొడి. ఇంటికొచ్చాక అందరూ తిట్టుకునేదీ అదే. ఖరీదైనది మంచిదనుకుని నువర ఎలియ ఆరెంజ్ పీకో పెద్దాకు కొంటారు. అది నీళ్ళలో నానబెట్టి పాలు లేకుండా తాగే రకం. మన పద్ధతిలో పాలలో వేసి తుకతుక ఉడికిస్తే రంగు దిగదు, రుచి పోతుంది, "లంక టీ ఇంతేనా" అనిపిస్తుంది. పాల టీకి చిన్న రవ్వలా ఉండే బీఓపీఎఫ్ గానీ డస్ట్ గానీ, లోతట్టు తోటలదైన రుహుణ రకం గానీ అడగండి. ప్యాకెట్ మీద కత్తి పట్టుకున్న సింహం ముద్ర ఉంటే అది పూర్తిగా లంక టీ, అక్కడే ప్యాక్ చేసిందని గుర్తు. దాల్చినచెక్క కొనేటప్పుడు చుట్ట చివర చూడండి. పలచని పొరలు చుట్టలో చుట్టలా నిండి, వేళ్ళతో నలిపితే పిండి కావాలి. మందంగా, ఒకే పొరతో, గుల్లగా ఉంటే అది మన సంతలో దొరికే రకమే. దానికి విమానం ఎక్కక్కర్లేదు, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనే కొనుక్కోవచ్చు.